చివరి జత మేజోళ్ళు

యుద్ధం వచ్చి పట్టు మేజోళ్ళన్నీ తుపాకిమందు సంచులకు పోయాయి. కానీ హాలీవుడ్‌లో నావికుల మీద పాటల కామెడీ ఆగుతుందా? మేజోళ్ళు తొడుక్కున్నట్టే కనబడేలా డాన్సు పిల్లల పిక్కల మీద కనుబొమల పెన్సిలుతో మేజోళ్ళ కుట్టు గీత గీసే పని దుస్తుల గదిలో పనిచేసే ఓపల్ నెత్తిన పడింది. పన్నెండు మంది, ఇరవై నాలుగు గీతలు. రోజూ చెయ్యి పడిపోయేది.

హీరోయిన్ వివియన్ మాత్రం, "నాది నేనే గీసుకుంటాలే" అనేది. తన చివరి జత మేజోళ్ళను యుద్ధ సాయం కింద స్టూడియో గేటు దగ్గరి విరాళాల పెట్టెలో వేస్తూ ఆమె నవ్విన ఫొటో పోయిన నెలే పేపర్లన్నింటిలో పడింది.

ఆ ఉదయం షూటింగు చూడటానికి విలేకరులు వచ్చారు. పాట మధ్యలో దర్శకుడు కేక పెట్టాడు.

"వివియన్ కాలి గీత వంకరపోయిందేం? ఓపల్, చెరిపి మళ్ళీ గీయి!"

ఓపల్ తడిగుడ్డ పట్టుకుని ఆమె వెనక కూర్చుంది. పిక్క మీద చెయ్యి వేయగానే వేళ్ళకు అసలు పట్టు మేజోడే తగిలింది.

"నోరెత్తావో, చూస్కో," అని గుసగుసలాడింది వివియన్, పెదాల మీద నవ్వు చెదరనీయకుండా.

"ఇది తుడిస్తే పోయే రకం కాదు సార్!" ఓపల్ గట్టిగా చెప్పింది. "కాళ్ళు మొత్తం కడగాల్సిందే!"

తెర వెనక్కి వెళ్ళాక ఓపల్ చెయ్యి చాపింది. వివియన్ గొణుక్కుంటూ మేజోళ్ళు విప్పి ఇచ్చింది.

"తిన్నగా గీసి చావు."

"మీరు తిన్నగా నిలబడండి మేడమ్, గీత అదే వస్తుంది."

మధ్యాహ్నం భోజనానికి వెళ్తూ ఓపల్ ఆ జతను గేటు దగ్గరి పెట్టెలో వేసింది. ఈసారి ఫొటో తీసేవాడెవడూ లేడు.