సున్నపు తేట

నాలుగు మూలలా నాలుగు జెండాలు, అవతలి మూలది కాస్త ఒరిగింది, ఒరిగితే ఒరగనీ, కర్ర అయిదడుగులకు తగ్గకూడదని నియమం గానీ నిటారుగా నిలబడాలని ఎక్కడా లేదు, బంతులు రెండు, ఒకటి కొత్తది, ఒకటి కుట్లు వేయించినది, తాగడానికి బిందెడు నీళ్ళు, కాళ్ళు కడుక్కోవడానికి ఒక బకెట్టెడు, ఖాళీ బకెట్టు ఇంకొకటి, గీత పక్కన జెండా పట్టుకుని పరుగెత్తడానికి మన మనిషి ఒకడు, ఆటగాళ్ళ ఫొటో కార్డులున్న రేకు డబ్బా, డబ్బా ఉంది, ఉంది, సంచిలో చెయ్యి పెట్టి మళ్ళీ తడిమాను, పొద్దుట్నుంచి ఇది ఎన్నోసారో, చేతికున్న సున్నం డబ్బా మూతకీ అంటింది, నిన్న గీసిన గీతలన్నీ వాన తుడిచేస్తే ఆరింటికే వచ్చి మళ్ళీ గీశాను, తడి నల్లమట్టి మీద తెల్లటి గీతలు, పైన మబ్బు, ఎంత బాగుందో మైదానం, ఎనిమిదింటికి ఆట, లీగు కార్డులో ఎవరి పేరు ముందుంటే ఏర్పాట్లన్నిటికీ వాళ్ళదే బాధ్యత, ఈ ఆదివారం ముందున్న పేరు మాది, శ్రీ పోచమ్మ స్పోర్ట్స్ క్లబ్, కామాటిపుర, మూడో డివిజన్, కార్యదర్శి గంగారాం, అంటే నేను, ఆరేళ్ళుగా నేనే, లీగు వాళ్ళ నీలం అట్ట పుస్తకంలో క్లబ్బుల బాధ్యతలు ముప్పై రెండు, నిద్రలో లేపి అడిగినా వరసగా చెబుతాను, చెబుతాను గానీ, ఆ రోజు డబ్బా మరిచిపోయాను.

మూడు వారాలైంది, తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి, కార్డులు చూపించని జట్టును ఆడనివ్వరు, అది పద్నాలుగో నియమం, పదకొండు మంది బూట్లు బిగించుకుని నిలబడ్డారు, నేను సంచి తిరగేశాను, డబ్బా లేదు, పదిహేను నిమిషాలు గడిచాయి, రెఫరీ ఈల ఊది అవతలి జట్టుకు వాకోవర్ ఇచ్చేశాడు, బంతిని తన్నకుండానే ఓడిపోయాం, ఇంటికొచ్చి చూస్తే మా ఒంటిగది ఖోలీ అటక మీద పచ్చడి జాడీ పక్కన కూర్చుని ఉంది డబ్బా, సాయంత్రం ఖోలీలన్నీ వరసగా ఉండే మా చాలీ వరండాలో అందరూ చుట్టుముట్టి ఏమైంది గంగన్నా, గట్లెట్లయింది అని అడిగితే నా నోట్లోంచి ఏం వచ్చింది, నా చేతుల్తో నేనే పెట్టిన సంచిల, ఎట్ల మాయమైందో ఎరుక లేదు, మన జట్టుకు ఎవరిదో దిష్టి తగిలింది అని వచ్చింది, రూలు పుస్తకం గంగన్న అని పిలిచే నోళ్ళ ముందు మరిచిపోయాననే మాట రాలేదు, దిష్టి అనేది ఎంత తేలిగ్గా వచ్చిందో, మా ఆవిడ రత్నాబాయి ఒకసారి అటక వైపు చూసింది, ఒకసారి నా వైపు చూసింది, పెనం మీద రొట్టె తిప్పింది, మర్నాడు పొద్దున డబ్బా నా సంచిలో ఉంది, ఎవరు పెట్టారని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు, ఒక సీజన్లో రెండు వాకోవర్లయితే లీగులోంచి క్లబ్బు పేరు కొట్టేస్తారు, ముప్పై ఒకటో నియమం, ఇటుకలూ తట్టలూ మోసినవాళ్ళు నలుగురు కూడి మా నాన్న కాలంలో పెట్టిన పేరు, నా గీతలు సరిగ్గా ఉన్నాయా, ఉన్నాయి, జెండాలు, ఉన్నాయి, డబ్బా, ఉంది.

వర్లి జట్టు వచ్చేసింది, అందరూ పసుపు జెర్సీల్లో, మిల్లు నడిచే రోజుల్లో మిల్లు వాళ్ళు కుట్టించినవి, మిల్లు మూతపడి నాలుగేళ్ళయినా రంగు వెలవలేదు, వాళ్ళ కెప్టెన్ నారాయణ మనవాడే, తెలుగువాడే, నమస్తే గంగన్నా, ఇయ్యాల డబ్బ తెచ్చినవా, లేకపోతే మేం ఇంటికి పోయి పండుకుంటం అని పళ్ళికిలించాడు, తెచ్చిన బై, నీకు గోల్ కొట్టించుకునే తిప్పలు తప్పదు అన్నాను, నవ్వాం, వాళ్ళది పసుపు, మాది తెలుపు, ఆరేళ్ళుగా నా చేత్తో లీగు ఫారంలో రాస్తున్న రంగు, తెలుపు, బట్టల మూట తీసుకుని రత్నాబాయి ఈపాటికి రావాలి, ఉతికి ఇస్త్రీ చేయించి నేనే తెస్తా, నువ్వు గీతలు గీసుకోపో అంది, అదిగో గ్రాంట్ రోడ్ వైపు గేటులోంచి వస్తోంది, నెత్తిన మూట, చేతిలో నిమ్మకాయల సంచి, వెనకే ముత్తమ్మ, డెబ్బై దాటిన మనిషి, ఈ ఊళ్ళో సగం గోడలకు సున్నం తడిపిన చేతులివి అని ఎవరు దొరికితే వాళ్ళకు చెప్పుకునే మనిషి, ఆట చూడటానికి ఎన్నడూ రాలేదే, ఈ రోజెందుకు వచ్చింది, మూట దింపారు, ముడి విప్పారు, మూటలో పసుపు.

పసుపంటే పసుపు, చామంతి పువ్వంత పసుపు, ఒక్కటి కాదు, పద్నాలుగు జెర్సీలూ, నల్లగుడ్డతో కుట్టిన అంకెలు తప్ప అంతా పసుపే, ఇదేందే అన్నాను, ముత్తమ్మ సంతోషంగా చెబుతోంది, మొన్న శుక్రారం పోచమ్మ కాడ పెద్ద గంగాళంల పసుపు నీళ్ళు కలిపి, ఏపాకులేసి, అన్నిట్ని ముంచి తీసినం బిడ్డా, నువ్వే అంటివి గద దిష్టి తగిలిందని, ఆమె పేరు పెట్టుకున్న క్లబ్బు, ఆమెకు సూపియ్యకుండ ఎట్ల, ఇగ ఎవడు ఏం జేస్తడో సూద్దాం, మా శంకర్రావు, పగలంతా టైల్సు అతికే మనిషి, ఆదివారం మా ముందువరస ఆటగాడు, జెర్సీ ఎత్తి పట్టుకుని, అయ్‌లా, ఇదేం హల్దీ ఫంక్షనా, పెండ్లికొడుకు ఎవరు అన్నాడు, అందరూ పగలబడి నవ్వారు, నాకు నవ్వు రాలేదు, రెఫరీ సాబ్ వచ్చేశాడు, ముందు వాళ్ళను చూశాడు, తర్వాత మూటను చూశాడు, కార్యదర్శి ఎవరు, దోనో టీమ్ పీలా నహీ చలేగా, రెండు జట్లూ పసుపైతే కుదరదు అన్నాడు, రంగులు కలిస్తే పేరు ముందున్న జట్టే మార్చుకోవాలి, పదకొండో నియమం, నాకు తెలుసు సాబ్, తెలుసని చెప్పాను, ఎనిమిది కావస్తోంది, అక్కణ్ణుంచి పదిహేను నిమిషాలు అన్నాడు, అదీ తెలుసు, గడియారం చూపించి వెళ్ళాడు.

బనియన్లతో ఆడొచ్చా, అంకెలు లేనిదే కుదరదు, బొగ్గుతో రాస్తే, వాన పడితే పోతుంది, చాలీకి పరుగెత్తితే, పోనూ రానూ అరగంట, అక్కడ మాత్రం ఏముంది, రెండో జత లేదు, నారాయణా మీరు మార్చుకోరాదా, అన్నా మాకు మాత్రం ఎక్కడిది ఇంకో జత, అయినా పేరు ముందున్నది మీది గద, రూల్ నువ్వే చెప్తివి పోయినేడు మాకు, మర్చిపోయినవా, చెప్పాను, నిజమే, ఇదే మైదానంలో పుస్తకం తెరిచి వేలు పెట్టి మరీ చూపించాను, అప్పుడు నా వేలు ఎంత ధీమాగా ఉందో, ఎవర్ని అడిగి ముంచిన్రు అని అరిచాను, రత్నాబాయి మీద అరిచాను, పదకొండు మంది ముందర, అవతలి జట్టు ముందర, క్లబ్బు పనుల్ల ఆడోళ్ళకు ఏం పని, ఎవరు చెయ్యిపెట్టమన్నరు మిమ్మల్ని, ఆమె నా వైపు చూసింది, అటక వైపు చూసిన చూపే, ఇప్పుడు అంటుంది, ఈ క్షణంలో అనేస్తుంది, డబ్బా మర్చిపోయింది ఎవరు, దిష్టి మాట తెచ్చింది ఎవరు, అంటే నేనేం చెప్పాలి, పమిట నడుముకు చుట్టుకుని మూట వైపు వంగింది, ఎనిమిదీ మూడు.

కొడకా, గా బకెట్ల సున్నం ఇంక ఎంతున్నది, ముత్తమ్మ అడుగుతోంది, ఇప్పుడు సున్నం ఎందుకవ్వా, గోల్ ముందర గీత ఇంకోటి గీస్తవా అని శంకర్రావు, నోర్ముయ్ రా, బకెట్ ఇటు దే, నేను గీతల కోసం తడిపిన బకెట్టు, సగానికి పైగా ఉంది, ముద్ద అడుగున కూర్చుంది, పైన నీళ్ళు అద్దంలా తేరాయి, ముత్తమ్మ వంగి వేలు ముంచి నాలిక మీద పెట్టుకుని తుపుక్కున ఉమ్మింది, మంచిగున్నది, కదిలియ్యకున్రి, మడ్డి లేస్తే పోరగాండ్ల తోలు కాలుతది, పైన తేట ఒక్కటే వంచున్రి గా ఖాళీ బకెట్ల, రత్నీ, దిష్టి నీళ్ళల్ల పసుపుల సున్నం కలిపితే ఏమయితది, రత్నాబాయి అప్పటికే మొదటి జెర్సీని చేతిలోకి తీసుకుంది, మొహం వెలిగింది, ఎర్రగయితది, అవును, ఎర్రగా అవుతుంది కదా, పెళ్ళిపీటల మీంచి లేస్తే ఎర్రనీళ్ళు, పురిటి నుంచి వస్తే ఎర్రనీళ్ళు, చూస్తూనే పెరిగాను, ముప్పై రెండు నియమాలు పట్టిన బుర్రకు ఇది తట్టలేదు, ముంచింది, ఎత్తింది, నీళ్ళు కారుతున్న పసుపు మా కళ్ళముందే కదిలింది, చంకలోంచి, మెడలోంచి, అంకె చుట్టూ, ఎరుపు, కుంకుమంత ఎరుపు, అరే బాప్ రే అని నారాయణ కూడా దగ్గరికొచ్చాడు, నిలబడి సూస్తవేందయ్యా, పిండు అంది రత్నాబాయి, పిండాను, కార్యదర్శినైన నేనే పిండాను, ఆమె ముంచుతోంది, ముత్తమ్మ మంచినీళ్ళలో ఒకసారి జాడిస్తోంది, నేను పిండుతున్నాను, ఆటగాళ్ళు వరసలో నిలబడి తడిబట్టలు తొడుక్కుంటున్నారు, చల్లగున్నదే అమ్మా అని గంతులు, ఎనిమిదీ తొమ్మిది, ఏడు జెర్సీలు, ఎనిమిదీ పన్నెండు, పది, తేట అయిపోవచ్చింది, మెల్లగ వంచు, మెల్లగ, పదకొండోది గోల్‌కీపర్‌ది, వాడు నీలం వేసుకున్నాడు కదా, వాడిదెందుకు, అయితే పని అయిపోయినట్టే, ఎనిమిదీ పద్నాలుగు, సాబ్, దేఖియే, పోచమ్మ లాల్.

రెఫరీ చుట్టూ తిరిగి చూశాడు, ఒకరి భుజం గిల్లి వేళ్ళు చూసుకున్నాడు, మారిన రంగు ఎందుకు మారిందో కాగితం మీద రాసివ్వాలి, ఆట అయిపోగానే, మీ సంతకంతో అన్నాడు, ఇస్తాను సాబ్, ఈల ఊదాడు, ఆ ఈల ఎంత తీయగా ఉందో, వాకోవర్ ఈల కాదు, ఆట ఈల, బురదలో మొదటి బంతి చప్పుడు, నా గీతల మీద ఎర్రటి మనుషులు పరుగెత్తుతున్నారు, పదిహేడో నిమిషంలో శంకర్రావు తలతో కొట్టాడు, గోల్, ముత్తమ్మ లేచి ఏమైంది ఏమైంది అంటోంది, కొట్టినం అవ్వా, మనోళ్ళేనా, మనోళ్ళే, ఎర్రోళ్ళు, తర్వాత చూస్తే శంకర్రావు చంకలో పసుపు, ఇంకొకడి వీపున పసుపు, చెమట తగిలిన చోటల్లా రంగు వెనక్కి తిరిగిపోతోంది, అరే గంగన్నా, మీవోళ్ళు సగం సగం మా టీంలకు వస్తున్నరు, రానీ రానీ, మాకూ ఆటగాళ్ళు తక్కువున్నరు అని నారాయణ గీత పక్కనుంచి పోతూ పోతూ, విరామంలో రత్నాబాయి నిమ్మకాయల సంచి వెనక్కి లాగేసింది, రసం చుక్క పడిందంటే అక్కడ పసుపే, వద్దు, నీళ్ళు తాగున్రి, ముత్తమ్మ సున్నపు బకెట్లో మళ్ళీ నీళ్ళు పోసి తేర్చి పసుపు తేలిన చోటల్లా చేత్తో చిలకరించింది, రెండో సగం గడిచింది, చివర్లో నారాయణే ఒకటి కొట్టాడు, సమానం, చాలు, ఆడాం, ఇంకేం కావాలి, క్లబ్బు పేరు ఎక్కడుందో అక్కడే ఉంది.

రెఫరీ ఇచ్చిన కాగితం మోకాలి మీద పెట్టుకున్నాను, రంగు మార్పుకు కారణం, తెల్ల దుస్తులు పసుపు కావడం, ఎందుకయ్యాయి, పసుపు నీళ్ళలో ముంచడం వల్ల, ఎందుకు ముంచారు, కలం ఆగింది, దిష్టి తగిలిందని ఎవరన్నారు కనుక, ఎందుకన్నారు, వేళ్ళ సందుల్లో ఇంకా ఎరుపు, ఎక్కడో ఒకచోట ఆపి సంతకం పెట్టొచ్చు, రెఫరీకి ఇంతకు మించి అక్కర్లేదు, కానీ చేతులింకా ఎర్రగా ఉండగానే చెప్పకపోతే ఎప్పటికీ చెప్పను, లేచి నిలబడ్డాను, ఇగో ఇనున్రి, ఆ దినం డబ్బ మాయం కాలేదు, అటక మీద నేనే మర్చిపోయిన, దిష్టి లేదు ఏం లేదు, నేను అబద్ధం చెప్పిన, తప్పు నాది, పొద్దున రత్న మీద అరిచిన, అదీ తప్పే, శంకర్రావు బూటు లేసు విప్పుకుంటూ, గదా, మాకు ఆ దినమే ఎరుక గదన్నా, చాలీల గోడలు ఎంత పల్చగుంటయి, నువ్వు అటక మీద డబ్బ సూసి నిన్ను నువ్వే తిట్టుకున్నది మా ఖోలీల దాక ఇనొచ్చింది అన్నాడు, అందరూ నవ్వారు, వర్లి వాళ్ళు కూడా, మరి ఎరుకుంటే పసుపుల ఎందుకు ముంచిన్రు అన్నాను, ముత్తమ్మ నోట్లో ఆకు ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మార్చుకుంది, బట్టలకు దిష్టేంది రా పిచ్చోడా, మూడు వారాల సంది నువ్వు సక్కగ తింటలెవ్, పంటలెవ్, సంచి తడుముకుంట తిరుగుతున్నవ్, నీకు తీద్దామంటే నువ్వు కూసోవు, రూల్ పుస్తకం సూపిస్తవ్, అందుకే మీ క్లబ్బు బట్టలకు తీసినం, రత్నాబాయి నా వైపు చూడకుండా నిమ్మకాయ కోస్తోంది, ఒక చెక్క శంకర్రావుకు, ఒకటి నారాయణకు, ఒకటి నాకు, ఇగ తిను, ఆట అయిపోయింది గద, చొక్కా మీద పడితే పడనీ అంది.

తిన్నాను, పుల్లగా చల్లగా ఉంది, రసం ముంజేతి మీదుగా కారి ఎర్రటి వేళ్ళ మీద పసుపు గీత గీసింది, ఆతిథ్య క్లబ్బు బాధ్యత వహించవలసినవి, బంతులు రెండు, జెండాలు నాలుగు, సున్నం, నీళ్ళు, ఆటగాళ్ళ కార్డులు, ఆరేళ్ళుగా ఆ జాబితాలోని వాటన్నిటినీ నేనొక్కణ్ణే మోస్తున్నాననుకున్నాను, పుస్తకంలో రాయని వస్తువు ఒకటి ఆ జాబితాలో ఉంది, దాన్ని చూసుకునే బాధ్యత వీళ్ళు ఎప్పుడో తీసుకున్నారు, ఆ వస్తువు నేనే.