కుదించిన చేతులు

ఆ ఇంటి కోడలికి పుట్టుకతోనే వినపడదు. ఆ సంగతి పెళ్ళికి ముందే అందరికీ తెలుసు. తెలిసే చేసుకున్నారు, చేసుకుని లోకాన్ని ఉద్ధరించినట్టు నలుగురికీ చెప్పుకున్నారు. అత్తగారు, ఆడపడుచు, మొగుడు, ఈ ముగ్గురిలో ఒక్కరంటే ఒక్కరు ఆమె సైగల భాషలో కనీసం "తిన్నావా" అని అడగడం నేర్చుకున్న పాపాన పోలేదు. ఆమెతో పనిబడితే ఎదురుగా నిలబడి నోరు ఇంత చేసి మాట్లాడతారు, ఆ పెదాలు చూసి ఆమే పోల్చుకోవాలి. పోల్చుకోలేకపోతే విసుక్కుంటూ ఫోనులో టైపు చేస్తారు. తమలో తాము ఏమైనా అనుకోవాలంటే మొహం పక్కకి తిప్పుకుంటే చాలు. ఏం సుఖం!

ఆమెకు కావలసింది ఒక్కటే, వినపడని పిల్లల బడిలో చిన్న తరగతికి టీచరు ఉద్యోగం. దరఖాస్తుతోపాటు ఒక చిన్న వీడియో పంపమన్నారు. పిల్లలకు చెబుతున్నట్టే ఒక కథ సైగలతో చెప్పాలి. ఫైలు పాతిక ఎంబీ దాటకూడదు. రెండుసార్లు పంపితే రెండుసార్లూ ఒకటే జవాబు వచ్చింది: "మీ చేతులు సరిగ్గా కనబడటం లేదు. మళ్ళీ పంపగలరా?" మూడోసారి పంపడానికి ఈ సాయంత్రమే ఆఖరి గడువు. ఇది కూడా పోతే వచ్చే ఏడాదిదాకా ఆ బడి ఊసు ఎత్తక్కరలేదు.

వీడియోను కత్తిరించి అతికించడం ఆమే చేసుకునేది. ఉచితంగా దొరికే ఎడిటింగ్ సాఫ్ట్‌వేరు ఒకటి ల్యాప్‌టాప్‌లో వేసుకుని, నొక్కకూడనివన్నీ నొక్కి, పాడు చేసి, మళ్ళీ చేసి నేర్చుకుంది. చివర అంతా ఒక్క ఫైలుగా ఎక్స్‌పోర్టు చేసి, సైజు తగ్గించి, బడికి పంపడం మాత్రం మొగుడి వంతు. ఆయనగారు ఫొటో స్టూడియోలో పనిచేస్తారు కదా, ఆ విద్యలో కొమ్ములు తిరిగిన మొనగాడు. "నీకెందుకీ తలనొప్పి, నాకొదిలెయ్" అన్నాడు. పిచ్చిది, వదిలేసింది. బడి నుంచి జవాబు వచ్చినప్పుడల్లా భుజం తట్టి, "ఫ్రీ సాఫ్ట్‌వేర్ కదా, అంతే వస్తుంది" అని ఫోనులో టైపు చేసి చూపించేవాడు. పక్కన ఒక ఏడుపు బొమ్మ కూడా పెట్టేవాడు, పుణ్యాత్ముడు.

ఆ మధ్యాహ్నం మొగుడు స్టూడియోలో ఉన్నాడు. అత్తగారు కునుకు తీస్తోంది. ఆడపడుచు టీవీ ముందు కాళ్ళు చాపుకుని కూర్చుంది. కోడలు వంటింటి గట్టు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, తన వంతుగా ఏమైనా బరువు తగ్గించగలనా అని సాఫ్ట్‌వేరు వాళ్ళ సలహాలు చదువుతోంది. శబ్దం అక్కర్లేకపోతే తీసెయ్యండి, ఫైలు తేలికవుతుంది అని రాసి ఉంది. అసలు శబ్దం ఎక్కడుంది తన వీడియోలో? తను చేతులతో చెప్పింది, మిగిలినవాళ్ళు సోఫాలో కూర్చుని చూశారు. తీసే ముందు ఎలా ఉంటుందో చూద్దామని బొమ్మ కింద శబ్దం గీతగా కనబడే వరస తెరిచింది. శబ్దం లేకపోతే అక్కడ సన్నటి గీత ఒకటి ఉండాలి.

గీత కాదు, రంపప్పళ్ళలా పైకీ కిందికీ ఎగురుతోంది. తన చేతులు ఆడుతున్నంతసేపూ ఎగురుతూనే ఉంది. వీడియో తీసింది మొగుడు. ఫోను మొహానికి అడ్డంగా పట్టుకున్నాడు, అతని నోరు తనకి కనబడలేదు. తన చూపంతా కెమెరా మీదే ఉంది, సోఫా వైపు చూడనే లేదు.

మాటల్ని అక్షరాలుగా మార్చే మీట ఒకటి ఉంది ఆ సాఫ్ట్‌వేరులో. నొక్కింది. కాసేపు తిరిగి తిరిగి, బొమ్మ కింద వరసగా అక్షరాలు పడ్డాయి.

"ఇంకా ఎంతసేపురా ఈ కోతిగంతులు?"

"ఊపనీవే అమ్మా, చేతులు పడిపోతే అదే మానేస్తుంది."

"మూడు ముద్దలకి ఉద్యోగమట!"

మూడు ముద్దలేమిటో మొదట అర్థం కాలేదు. ఆడపడుచు పెదాల మీద చాలాసార్లు చూసిన మాట అది, మూగమొద్దు. ఉచిత సాఫ్ట్‌వేరు పాపం, తిట్లు సరిగ్గా నేర్చుకోలేదు. ఆమెకి నవ్వు రాలేదు.

"నిజంగానే ఉద్యోగం వస్తే ఇంటెడు చాకిరీ ఎవత్తి చేస్తుందిరా?"

"రాదులేమ్మా. పోయినసారిలాగే బొమ్మని పిండి పిండి చేసి పంపిస్తా. చేతులు కాదు కదా, మొహం కూడా తెలీదు. ఫ్రీ సాఫ్ట్‌వేర్ అంటే నమ్మేస్తుంది."

పంపేది ఎవరో ఆమెకి ఒకరు చెప్పక్కరలేదు. ఆ అక్షరాల పైన, బొమ్మలో, తప్పిపోయిన బాతుపిల్లకి తల్లి కనబడ్డ చోటు చెబుతూ తను నవ్వుతోంది. కెమెరా వెనకాల ఉన్నది మొగుడని అంత నిండుగా నవ్వింది.

ఒళ్ళంతా కారం పూసినట్టు మండింది ఆమెకి. అత్తా ఆడపడుచూ ఎలాంటివాళ్ళో తెలియక కాదు. వాళ్ళ మీద ఆశ ఎప్పుడో వదులుకుంది. వీడు! భుజం తట్టి, ఏడుపు బొమ్మ పెట్టి, తడిగుడ్డతో గొంతు కోశాడు. అతను ఇదివరకు పంపిన ఫైళ్ళు ల్యాప్‌టాప్‌లోనే మూలనపడి ఉన్నాయి. తెరిచింది. తన వేళ్ళ చోట బూజుపట్టిన మరకలు కదులుతున్నాయి. వివరాలు చూస్తే శబ్దాన్ని మాత్రం అన్నిటికన్నా పై రకంలో ఉంచాడు. ఆమె మాటని నలిపి ముద్ద చేసి, వీళ్ళ మాటని చెక్కుచెదరకుండా బడికి పంపాడన్నమాట, దరిద్రుడు!

ఏడుస్తూ కూర్చునే తీరిక లేదు. వీడియోకి రెండో కాపీ తీసి, అక్షరాలూ శబ్దమూ ఉన్నదాన్ని పక్కన పెట్టింది. బడికి పంపేదాంట్లో శబ్దం పీకేసింది. ఎక్స్‌పోర్టు చేస్తే ఇంకా బరువుగానే ఉంది. బొమ్మ నాణ్యత తగ్గిస్తే వేళ్ళు అతుక్కుపోతున్నాయి. అప్పుడు చుట్టూ ఉన్న బీరువా, కిటికీ, ఖాళీ గోడ అన్నీ కత్తిరించి, నడుము నుంచి తల దాకా తనని ఒక్కదాన్నే మిగిల్చింది. మళ్ళీ ఎక్స్‌పోర్టు చేసింది. సరిపోయింది. మొదటి నుంచి చివరి దాకా చూసుకుంది. బాతుపిల్ల ముక్కు కూడా విడిగా తెలుస్తోంది.

బడి పేజీలో ఫైలు పెట్టి పంపే మీట నొక్కింది. ఇంట్లో నెట్టు నత్తనడక. నీలం గీత కొంచెం కొంచెమే జరుగుతుండగా మొగుడు వచ్చాడు. చెప్పులైనా విడవకుండా ఎదురుగా నిలబడి, నోరు పెద్దగా తెరిచి, "ఏదీ, ఇటివ్వు. తగ్గించి పంపేస్తా" అన్నాడు.

ఆమె ల్యాప్‌టాప్ అతని వైపు తిప్పి, పక్కన పెట్టిన కాపీని ఆడించింది. శబ్దం ఎంత పెరుగుతుందో అంతా పెంచింది. అతను చదివాడు. చదవకపోయినా విన్నాడు. మొహం మాడిపోయింది. తన గొంతు తనకే వినబడి అత్తగారు లేచి వచ్చింది, వెనకే ఆడపడుచు.

అతని చెయ్యి ల్యాప్‌టాప్ మీదికి వచ్చింది. ఆ చేతిని ఫట్టున కొట్టింది ఆమె. ఆ ఇంటికొచ్చాక ఒకరి మీద చెయ్యి చేసుకోవడం అదే మొదలు. గట్టు మీద ఉన్న తన ఫోన్నీ, మెషీన్నీ ఒళ్ళోకి లాక్కుని, రెండు చేతులతో కావలించుకుని కింద కూలబడింది.

అతను ఎదురుగా గొంతుక్కూర్చుని మొదలుపెట్టాడు. "నీ మంచి కోసమే..." అన్నంతవరకూ పెదాలు అందాయి.

ఆమె కళ్ళు మూసుకుంది.

ఇక ఎంత వాగితే ఎవరికి? భుజం మీద చెయ్యి పడితే విదిలించేసింది. మోకాలు కుదిపితే బిగుసుకుపోయింది. అలా ఎంతసేపైందో, ఒడిలో ఉన్న ఫోను వణికింది. కళ్ళు తెరిచి ముందు దాన్నే చూసింది. బడి నుంచి వచ్చింది: "అందింది. ఈసారి మీ చేతులు చాలా బాగా కనబడుతున్నాయి. సోమవారం వచ్చి పిల్లల్ని కలవండి."

తల ఎత్తింది. ముగ్గురూ ఎదురుగా వరసగా ఉన్నారు. ఒక్కరూ మొహం తిప్పుకోలేదు. ఆమె కళ్ళల్లోకే చూస్తూ, నిదానంగా, ఒక్కొక్క మాటా విడివిడిగా పలుకుతున్నారు. అత్తగారైతే చేతులు కూడా ఊపుతోంది.

ఆమె మళ్ళీ కళ్ళు మూసుకుంది.