కదలకుండా పట్టుకో

"కొంచెం ఎడమకి... ఇంకొంచెం... ఆఁ, చాలు! కదలకు!"

కిటికీలోంచి మా ఆయన కేక వినగానే నేను మేడమీద యాంటెన్నా గొట్టాన్ని రెండు చేతులా పట్టుకుని బిగుసుకుపోయేదాన్ని. టీవీ ప్రసారాలన్నీ పాత టవరు నుంచి కొత్త టవరుకి మార్చేశారు. మారుస్తున్నామని ముందునుంచే తెర అడుగున అక్షరాలు పరుగెడుతూనే ఉన్నాయి: యాంటెన్నా తిప్పుకోండి, ఛానెళ్ళు మళ్ళీ వెతుక్కోండి అని. మా ఇంట్లో వాటిని చదివింది నేనొక్కదాన్నే. చెప్పాను కూడా. ఛానెళ్ళు పోయిన రోజున మాత్రం "ముందే ఏడవొద్దూ?" అని ఆయన నామీదే విరుచుకుపడ్డారు.

గొట్టాన్ని పట్టి ఉంచే బిగింపు తుప్పుపట్టి ఊడిపోయింది. కొత్త దిక్కుకి తిప్పి వదిలితే గాలికి మళ్ళీ పాత దిక్కుకే తిరిగేది. కింద బొమ్మ గళ్ళుగళ్ళుగా విరిగిపోయేది. మెకానిక్‌ని పిలుద్దామండీ అంటే, "ఎందుకూ, నువ్వున్నావుగా" అని నవ్వారు. "నువ్వు ముట్టుకుంటే చాలు, అద్దంలా వస్తోంది. నీ చేతిలో ఏదో మహిమ ఉందే!" అత్తయ్య కూడా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

నేను కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తాను. అమ్మే ఆడపిల్లలకి అక్కడ కుర్చీ ఉండదు. కూర్చుంటే కస్టమర్లకి బద్ధకంగా కనిపిస్తామట. రోజంతా నిలబడి వచ్చి, వంట చేసి, అందరికీ కంచాలు అందించి, మళ్ళీ మేడెక్కి నిలబడేదాన్ని. కాళ్ళల్లో నరాలు తాళ్ళలా లేచాయి. "మా రోజుల్లో ఇంతకంటే చేశాం" అనేది అత్తయ్య, నా కాళ్ళకేసి చూడకుండానే.

ఆ వారం అమ్మని ఆస్పత్రిలో చేర్చారు. అక్క ఫోన్ చేసి, "కంగారేం లేదు, కానీ నిన్ను అడుగుతోందే" అంది. సెలవు అడిగితే షాపు యజమాని, "మీ అమ్మగారికి మీరొక్కరేనా?" అన్నాడు. ఇంటికొచ్చి ఆయన్నడిగితే, "ఫైనల్ మ్యాచ్ అయిపోనీ, ఆదివారం ఇద్దరం వెళ్దాం. మా ఆఫీసువాళ్ళు వస్తున్నారు, నువ్వు లేకపోతే ఎలా?" అన్నారు. నేను లేకపోతే ఎవరికి ఎలాగో నాకు తెలుసు. అయినా వంటింట్లోకి వెళ్ళి బియ్యం కడిగాను. తగువుకి కూడా కాస్త ఓపిక మిగలాలి.

ఫైనల్ రోజు సాయంత్రం ఆయన స్నేహితులు ముందుగదిని నింపేశారు. చేతులు ఖాళీగా ఉండవని ఫోన్ వంటింటి గట్టుమీదే వదిలి మేడెక్కాను. గాలి ఒకటే విసురు. చున్నీ ఎగిరి మొహానికి చుట్టుకుంటే, తీసుకోవడానికి ఒక్క చెయ్యి వదిలాను. వెంటనే కింద నుంచి, "ఏమే! నిద్రపోతున్నావా?" అని ఆయన, వెనకాలే అంతమంది మగవాళ్ళ నవ్వు. మళ్ళీ పట్టుకున్నాను. చున్నీ కళ్ళకి అడ్డంగానే ఉండిపోయింది. కింద మా ఇంట్లో ఏం జరుగుతోందో ఊళ్ళో అందరికంటే నాకే తక్కువ తెలుసు. కేకలు వినిపించినప్పుడల్లా మనవాళ్ళు బాగా ఆడుతున్నారు కాబోలు అనుకునేదాన్ని. వేళ్ళు తిమ్మిరెక్కి, నావి కానట్టయ్యాయి.

మ్యాచ్ ముగిసి నేను కిందికి దిగేసరికి స్నేహితులు చెప్పులు వెతుక్కుంటున్నారు. నా ఫోన్ సోఫా మీద ఉంది.

"మీ అక్క చేసింది" అన్నారు ఆయన, గ్లాసులు నా చేతికిస్తూ. "మీ అమ్మకి కాస్త సీరియస్సట. పిలుస్తా, ఉండమన్నాను. సరిగ్గా చివరి ఓవరప్పుడా చెయ్యడం!"

"మరి పిలవలేదేం?"

"నువ్వు వదిలేస్తే బొమ్మ పోయేది కదా."

నేను గ్లాసులు అక్కడే కింద పెట్టి, కట్టుబట్టలతో బస్సెక్కాను. ఆస్పత్రికి చేరేసరికి అమ్మ మొహం మీదకి దుప్పటి లాగేశారు.

అక్క నన్ను వరండాలోకి తీసుకెళ్ళింది. ఏడ్చి ఏడ్చి దాని గొంతు పోయింది. "మీ ఆయన ఉండమన్నాక ఫోన్ పెట్టెయ్యలేదే. నువ్వొస్తావని అమ్మ చెవి దగ్గరే పట్టుకున్నాను. నువ్వు రాలేదు. టీవీ చప్పుడు, అందరూ ఒకటే చప్పట్లు, ఈలలు. అమ్మ చాలాసేపు వింది." అక్క నా చెయ్యి పట్టుకుంది. "'దాని ఇల్లు ఎంత సందడిగా ఉందో, నా తల్లి సుఖంగా ఉంది, పిలవకు' అంది. అదే ఆఖరి మాట."

అక్కడే నేలమీద కూర్చున్నాను. కళ్ళు మూసుకుంటే ఆ చప్పట్లే.

కర్మకాండలు ముగిసిన మర్నాడు ఆయన మా పుట్టింటికి వచ్చారు. పాపం, నిజంగానే బాధపడ్డారు, అమ్మ ఫోటోకి దండం పెట్టారు. తర్వాత గుమ్మంలో నిలబడి, బయట అక్కకి వినపడకుండా, "ఇక బయల్దేరదామా? ఇల్లంతా చిందరవందరగా ఉంది. మా అమ్మ ఒక్కతే చేసుకోలేకపోతోంది" అన్నారు.

"మీరు వెళ్ళండి" అన్నాను.

"నువ్వెప్పుడొస్తావు?"

"అమ్మ నేను సుఖంగా ఉన్నానని నమ్మి పోయింది. ఆవిడ మాట అబద్ధం కానివ్వను. నేను రాను."