వెలుగని దీపములు

హేమంతప్రభాతమున సాగరానిలము చలిచలిగా వీచుచుండ బాలభానుని మృదుకిరణములు విశాఖపట్టణపు కొండయంచులను తాకియు తాకని వేళ నచ్చటి యొక వైద్యశాలలో సీసపు తలుపుల గదియందు దాలినాయుడను వృద్ధుడొంటరిగా కూర్చుండియుండెను. విజయనగరమున పెండ్లియూరేగింపులకు దీపముల నద్దెకిచ్చుచు నెందరో వధూవరుల మొగములు వెలిగించిన యా బ్రహ్మచారికి తన గుమ్మమున నూరేగింపు నిలుచు భాగ్యము మాత్రము పట్టలేదు. ఆతని ప్రోస్టేటు గ్రంథియందు క్యాన్సరు పుట్టినదని ముందే తేలినది. అది యెముకలకు ప్రాకెనా లేదా యని నేడు దేహమంతయు స్కానింగు చేసి చూడవలయును. ప్రాకకున్న నయమగును, ప్రాకిన మందులతో దినములు నెట్టుటయే.

నరమునకు మందెక్కించిన నర్సు తలుపు కడ నిలిచి "తాతా, ఈ మందులోంచి కిరణాలొస్తాయి. రేపటిదాకా చంటిపిల్లలకీ కడుపుతో ఉన్నవాళ్లకీ దూరంగా ఉండు" అనెను.

"నాకెవులున్నారు తల్లీ, దూరంగుండడానికి?" అని యాతడు నవ్వెను.

ఆపాదమస్తకము యంత్రము చూచిన పిదప మధ్యాహ్నమున వైద్యుడు పిలిచి "శుభం నాయుడుగారూ, ఎముకల్లో ఎక్కడా వెలగలేదు" అనెను. ఆజన్మము దీపములతోనే బ్రదికిన యా వృద్ధునకు వెలగలేదన్న మాట తప్ప మరేమియు వినబడలేదు.

"అయితే నా దీపం ఆరిపోయినట్టేనా బాబూ?"

వైద్యుడు నివ్వెరపోయి బొమ్మ నాతనివైపు త్రిప్పెను. "కిడ్నీలు ఎవరికైనా వెలుగుతాయి, వాటితో పనిలేదు. రోగం ఉంటే ఎముకలు వెలగాలి. చీకటిగా ఉన్నాయి చూడండి. గ్రంథి దాటలేదు. నయం చేద్దాం."

దాలినాయుడు కన్నులొత్తుకొని యింటికి మరలెను. బస్సులో ప్రక్కన పసివాడు కూర్చుండగా మందు మాట తలచుకొని లేచి వెనుకకు పోయెను.

సంధ్యవేళ వీధియిండ్లన్నియు వెలిగెను. అంగడినిండ దీపములు వ్రేలాడుచుండియు నాతడొక్కటియు వెలిగింపక గుమ్మమున కూర్చుండెను. దుఃఖమునకు మనుష్యుడొక్కడే చాలును, సంతోషమునకు రెండవవాడు కావలయును. ఎవరైన నటుపోవుచు "దీపమెట్టనేదేటి?" అని యడిగినచో "ఎలగనేదు, అందుకే బతికినాను" అని చెప్పవలెనని యాతని కోరిక.

చాలసేపు కనిపెట్టియుండెను. ఎవ్వరును అడుగలేదు.