పేరు రాయని సాక్ష్యం

ఇత్తడి సిరాబుడ్డిని నేను. బస్రా బజారులో ఒక కంచరి నన్ను పోతపోసి, మూతకు చిన్న గొలుసు తగిలించాడు. ఆ గొలుసు ఎప్పుడో తెగిపోయింది. నా ఓపికా అంతే.

నన్ను కొన్న ఇద్రీస్ చరిత్రకారుడు. పాత తిరుగుబాట్ల సంగతులు పోగుచేసేవాడు. ఖలీఫాలను కాదని, మతం పేరిట వేరుకుంపటి పెట్టుకున్న ఖారిజీల గురించి రాసేటప్పుడు నాలో సిరా ఇట్టే అయిపోయేది. ఆ కాలపు చరిత్రకారులకు ఒక నియమం ఉండేది. ఏ సంగతి రాసినా, ఎవరు ఎవరికి చెప్పగా తమదాకా వచ్చిందో ఆ పేర్లు ముందు రాయాలి. మంచి నియమమే. కాకపోతే ఓడినవాళ్లలో పేరు చెప్పుకోవడానికి మిగిలిందెవరు? వాళ్ల కథను వాళ్లను చంపిన సైనికులే చెప్పేవారు, అదీ పేర్లతో సహా.

హిలాల్ అనే ఒక ఖారిజీ, ఖలీఫా సైనికుల పిల్లలను చంపాడని అలాగే రాశాడు ఇద్రీస్. అది తెలిసి హిలాల్ చెల్లెలు రుమైసా వచ్చింది. పండు ముసలి.

“మా అన్న పుణ్యాత్ముడని రాయొద్దు షేక్‌గారూ, కత్తి పట్టినోడే. కానీ ఆ పిల్లల్ని మా ఇంట్లో దాచాడు. వాళ్లకి రొట్టెలు కాల్చి పెట్టింది నేనే.”

“ఎవరు చెప్పారో రాయాలమ్మా. నీ పేరు రాస్తే బస్రానేలే అమీరు మనుషులు నీ మనవల జోలికొస్తారు.”

“మనవలనడిగే వచ్చాను. రాయండి.”

ఆమె వెళ్లాక ఇద్రీస్ చాలాసేపు కలాన్ని నాలో ముంచి ఉంచాడు. చివరికి ‘బస్రాలో ఒక స్త్రీ చెప్పింది’ అని మొదలుపెట్టి సంగతంతా రాశాడు. జాలిపడ్డాడు, పాపం. ఆ జాలే కొంప ముంచింది.

అతను పోయాక శిష్యుడు ముకాతిల్ చేతికి వచ్చాను. గురువు గ్రంథానికి శుద్ధప్రతి రాస్తూ అతను ఆ చోట ఆగాడు. ఒకవైపు పేర్ల వరుసతో సైనికుల మాట, ఇంకోవైపు ఎవరో ఒక స్త్రీ. పేరు లేని మాట చెల్లదని గురువే కదా నేర్పాడు! వదిలేసి ముందుకు సాగాడు. నాలో సిరా నిండుగానే ఉంది. నాకు ఏడుపొచ్చింది.

ఆ ప్రతికి ప్రతులు, వాటికి మళ్లీ ప్రతులు. హిలాల్ పసిపిల్లల హంతకుడిగానే మిగిలిపోయాడు. నేను ఎవరింట్లోనో జీలకర్ర పోసుకునే బుడ్డినయ్యాను, పాత సామాన్లలో పడ్డాను, ఇప్పుడు మ్యూజియంలో గాజు పెట్టెలో ఉన్నాను. పక్కన ఒక చీటీ: ‘సిరాబుడ్డి. వాడినవారెవరో తెలియదు.’ వచ్చినవాళ్లు నా నగిషీని మెచ్చుకుని పోతుంటారు. అలసిపోయాను. ఒక్క మాట చెప్పి ఊరుకుంటాను, నియమం ప్రకారమే, పేరు ముందు పెట్టి.

సహల్ కూతురు రుమైసా చెప్పగా నేను విన్నాను: హిలాల్ ఆ పిల్లలను చంపలేదు, రొట్టెలు పెట్టించాడు.