మైనం పోయని గిటారు

తమిళనాడులోని గుడియాత్తంలో పొద్దున ఐదున్నరకు వీధి కుళాయిలో నీళ్లొస్తాయి. బిందెలు దించేవాళ్లు, ఎత్తేవాళ్లు, వంతు కోసం వాదులాడేవాళ్లు, ఆ గోలకే వీధి వీధంతా మేలుకుంటుంది. ఆ వరసలో కస్తూరమ్మ ఇత్తడి బిందె దించితే మాత్రం టంగుమనదు. అందులో నీళ్లు పడే చప్పుడు కూడా ఉండదు. ఆమె గాజులు కదిలినా, చెప్పులు ఈడ్చినా, దగ్గినా ఏమీ వినపడదు. అందుకని పక్కనుండే పాపాతి తొంగి చూసి, "చాలు పెద్దమ్మా, నిండింది" అని కుళాయి కట్టేస్తుంది.

కస్తూరమ్మ చప్పుడు పోయి మూడేళ్లయింది. కొడుకు ప్రదీప్ నాట్రంపల్లి దారిలో లారీ కింద పడ్డాడని కబురొచ్చిన రోజు ఆమె గుండెలు బాదుకుని ఏడ్చింది. నోరు తెరుచుకునే ఉంది, గొంతు రాలేదు. గుండె మీద పడుతున్న చేతుల చప్పుడూ రాలేదు. అప్పటినుంచి అంతే. వేలూరులో డాక్టరు చూసి బలానికి మాత్రలు రాసిచ్చాడు. వయసు మీద పడితే కొందరికి చూపు పోతుంది, ఈమెకు చప్పుడు పోయింది అనుకున్నారు వీధిలో. అంగటివాళ్లు ఆమె చెయ్యి చూపించిన సరుకు తూచి ఇచ్చేవారు. గుడిలో ఆమె కొట్టిన గంట మోగదు గనక పూజారి ఆమె పేరున ఇంకోసారి కొట్టేవాడు. మొదట్లో కొన్నాళ్లు పెదాలు కదిపి ఏదో చెప్పబోయేది. ఒకరు ఒకటనుకుంటే ఇంకొకరు ఇంకొకటనుకునేవారు. తర్వాత అదీ మానేసింది. రాయడం ఆమెకు ఏ భాషలోనూ రాదు.

ఇంట్లో మిగిలింది ఆమె, కోడలు సురేఖ. ముందు గదిలోనే మోటార్లకు రాగితీగ కాయిలు చుట్టే అంగడి. ప్రదీప్ పక్కన కూర్చుని సురేఖ నేర్చుకున్న పని అది. అతను పోయాక చుట్టుపక్కల పల్లెల రైతులు కాలిపోయిన బోరు మోటార్లను ఆమె దగ్గరికే తెచ్చారు. అత్త పిలిచినా, పడిపోయినా తెలిసే దారి లేదు గనక వంటింట్లో నేలకు జానెడెత్తున ఒక స్విచ్చి పెట్టి, అంగట్లో ఎర్ర బల్బుకు కలిపింది. బల్బు వెలిగితే లేచి లోపలికి పోయేది.

వేలూరు తొరపాడిలో ఉండే సురేఖ అన్న సురేంద్రన్ వారానికొకసారి ఫోను చేసేవాడు.

"ఇంటికింద గది ఖాళీగా ఉండాది పాపా. అంగడి ఈడే పెట్టుకో. నలభై కూడా నిండలేదే నీకు, ఎన్నాళ్లు ఆడ పడుండేది?"

"వద్దన్నా," అనేది సురేఖ. ఎందుకు వద్దో చెప్పేది కాదు.

ప్రదీప్ పోయిన రోజు పొద్దున ఆమె అతని మీద అరిచింది. ఇంటికప్పు కారుతోందని మూడు నెలలుగా చెబుతున్నా పట్టించుకోలేదని. "నువ్వుంటే ఎంత, లేకుంటే ఎంత, యాడికన్నా పో" అంది. అతను బండి తీసుకుని పోయాడు. మధ్యాహ్నానికి కబురొచ్చింది. ఆ ఇల్లు వదిలిపెట్టే హక్కు తనకు లేదని సురేఖ ఆనాడే అనుకుంది. ఒక్కసారి మాత్రం, పదకొండో రోజున, అత్త దగ్గర బయటపడింది. "నా నోటి మాటే ఆయన్ని మింగేసింది అత్తా" అని ఏడ్చింది. కస్తూరమ్మ ఆమె ముఖంలోకి చూసి, తల దించుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఈ ఏడు గంగమ్మ తిరునాళ్లకు పాటల బృందం ఒకటి వచ్చింది. సాయంత్రం కచేరీ ఉందనగా అందులో గిటారు వాయించే కేశవ్ ఆమె అంగడికి పరుగున వచ్చాడు. కరెంటు గిటారు మూగబోయింది, వేలూరు దాకా పోయి వచ్చే సమయం లేదు. సురేఖ ఎప్పుడూ గిటారు ముట్టుకున్నది కాదు. తీగల కింద ఉన్న చిన్న డబ్బా విప్పి చూసింది. ఆరు అయస్కాంతపు ముక్కలు, వాటి చుట్టూ వెంట్రుకకంటే సన్నని రాగితీగ.

"ఇది కూడా కాయిలే గదప్పా," అంది.

"ఆమా, కాయిలే అక్కా. తీగ కదిలితే దీనికి తెలుస్తాది. ఇది పోయి స్పీకరు పెట్టెకు చెప్తాది. అంతే."

తెగిన చుట్టు తీసేసి, పాత రిలే స్విచ్చిలోంచి సన్నతీగ విప్పి, చేతి మిషను మీద ఏడువేల చుట్లు చుట్టింది. కేశవ్ వెంట తెచ్చిన స్పీకరు పెట్టెకు తగిలించి తీగలు సరిచేస్తూ ఉండగా కస్తూరమ్మ మజ్జిగ గ్లాసు తెచ్చి బల్లమీద పెట్టింది. అలవాటు మరిచి వంగి పెదాలు కదిపింది.

"తాగు నాయనా," అంది స్పీకరు పెట్టె.

కేశవ్ మజ్జిగ తాగాడు. మూతి తుడుచుకుని, "కాయిలుకు మైనం పొయ్యలేదు గదక్కా, అందుకే మాటలు కూడా పట్టేస్తా ఉండాది," అన్నాడు. "స్టేజీ మీద ఇట్లుంటే కూత పెడతాది. చుట్లు కదలకుండా మైనం కాచి పోసెయ్యండి."

సురేఖ పోసింది. ఆరిన తర్వాత కేశవ్ మళ్లీ తగిలించాడు. కస్తూరమ్మ ఇంకా అక్కడే ఉంది. మెల్లగా గిటారు దగ్గరికి వంగి పెదాలు కదిపింది. పెట్టె పలకలేదు. కొంచెంసేపు చూసి, ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి పోయింది. ఆ గ్లాసును ఆమె రెండు చేతులతో పట్టుకుని పోవడం సురేఖ చూసింది.

"కేశవ్, గిటారు చెయ్యాలంటే యాడ మొదలుపెట్టాల?"

"మీరు వాయిస్తారా అక్కా?"

"లేదు."

కేశవ్ జేబులోంచి పెన్ను తీశాడు. ఉత్త కాయిలు చాలదు, తీగలుండాలి, తీగలు బిగిసి నిలవాలంటే మంచి చెక్క ఉండాలి అని చెప్పి, కచేరీ నోటీసు వెనక అన్నీ వరసగా రాసిచ్చాడు.

కోతమిల్లులో పనస చెక్క అడిగితే మిల్లాయన "వీణకా?" అన్నాడు. "కరెంటు గిటారుకు" అంటే తల ఊపి తూచి ఇచ్చాడు. గిటారు ఒంటిని కోసుకోవడానికి సురేఖకు నెల పట్టింది. మోటారు వాళ్ల చేతికి ఇనుము అలవాటు, చెక్క అలవాటు కాదు. ఉలి జారి ఎడమ బొటనవేలు తెగింది. మెడ మీద వేళ్లు నొక్కే మెట్లు సమానంగా ఉండాలనుకుని దర్జీ టేపుతో కొలిచి బిగించింది. కేశవ్ చూడ్డానికి వచ్చి ఒకసారి వాయించి, నవ్వు ఆపుకుంటూ, కిందికి పోయేకొద్దీ మెట్ల ఎడం తగ్గుతూ పోవాలని చెప్పాడు. అన్నీ పీకేసి కొత్త మెడ చేసింది. అదీ వానకు ఉబ్బి వంగింది. మూడోది నిలిచింది.

జూలై, ఆగస్టుల్లో వచ్చే ఆడి నెల ఎండల్లో కస్తూరమ్మ పెరట్లో వడియాలు పెట్టేది. వాటి పక్కనే గిటారు ఒళ్లు ఆరేది. రంగు కోసం సురేఖ వేరే ఏదీ కొనలేదు. మోటారు కాయిళ్లకు పూసే ఎర్ర వార్నిషే పూసింది. ఒక పూత ఆరాక గరుకైన ఉప్పుకాగితంతో రుద్దడం, మళ్లీ పూయడం. పన్నెండు పూతలు. కాకులు తొక్కకుండా కస్తూరమ్మ కర్ర పట్టుకుని కూర్చునేది. ఆమె కర్ర నేలకేసి కొట్టినా చప్పుడు రాదు గనక లేచి చేతులు ఊపేది. అది దేనికోసం తయారవుతోందో ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆమెకు తెలుసు. రోజులు గడిచేకొద్దీ ఆమె తిండి తగ్గింది. గిటారు వైపు చూసే చూపు సంతోషంలా ఉండేది కాదు.

ఆ తర్వాత రెండు నెలలకు, పురట్టాసిలో ఒక శనివారం పొద్దున పూజయ్యాక సురేఖ తీగలు బిగించి, కేశవ్ ఇచ్చిన పాత స్పీకరు పెట్టెకు తగిలించింది. కాయిలుకు మైనం పోయలేదు. గిటారును ఒళ్లో అడ్డంగా పెట్టుకుని, "రా అత్తా," అంది.

కస్తూరమ్మ వచ్చింది. నేలమీద కూర్చుంది. కొంగు సర్దుకుంది. తర్వాత వంగి, తీగలకు నోరు ఆనించినంత దగ్గరగా పెట్టింది.

"సురేఖా," అంది పెట్టె. గొంతు అదే, కొంచెం బొంగురు. "వాణ్ణి పంపించింది నేను. నువ్వు కాదు."

సురేఖ గిటారును ఇంకొంచెం ఎత్తి పట్టుకుంది.

"నాట్రంపల్లిలో మా చెల్లెలు మోకాళ్లకు నూనె తీసిపెట్టింది. పోయి తెమ్మన్నాను. రేపు పోతాలేమ్మా అన్నాడు. కాదు, ఈ పొద్దే పో అన్నాను. నీ మీద కోపంతో పోలేదు వాడు. నవ్వుకుంటానే పోయినాడు. వచ్చేటప్పుడు ఆంబూర్లో బిర్యానీ కట్టించుకోని వస్తా, దానికి కోపం దిగిపోతాది అన్నాడు."

వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు.

"మూడేండ్లు," అంది సురేఖ. "నోరు లేకపోతే చెయ్యన్నా చూపించి చెప్పి ఉండొచ్చు గదా."

"చెప్పి ఉండొచ్చు." పెట్టె ఆగింది. అందులోంచి కస్తూరమ్మ ఊపిరి మాత్రం గాలిలాగా వినిపించింది. "భయపడినాను. తెలిస్తే నన్ను యాడికి పంపేస్తావో అని. తప్పు నీదే అనుకుంటా ఉంటే ఈ ఇల్లు వదిలి పోవు గదా అని."

సురేఖ లేచి స్విచ్చి కట్టేసింది. గిటారును గోడకు ఆనించి, అంగట్లోకి పోయి, సగంలో ఉన్న మోటారు ముందు కూర్చుని సాయంత్రం దాకా పని చేసింది. చుట్లు లెక్క తప్పాయి. విప్పి మళ్లీ మొదలుపెట్టింది. అతను నవ్వుకుంటూ పోయాడన్న మాట దగ్గరికి వచ్చినప్పుడల్లా చేయి ఆగిపోయేది. మూడేళ్లుగా ఆమె కళ్ల ముందు అతను కోపంగానే బండి ఎక్కుతున్నాడు. ఇప్పుడు నవ్వే మొహం గుర్తు తెచ్చుకోబోతే అది సరిగా రాలేదు.

తొమ్మిది రోజులు ఆమె అత్తతో మాట్లాడలేదు. ఇద్దరూ మాట లేకుండానే వండుకుని తిన్నారు. సురేఖ కంచం చప్పుడు చేసేది, కస్తూరమ్మ కంచం చేసేది కాదు. అంతే తేడా. పాపాతి గడపలో నిలబడి చూసి వెళ్లిపోయేది.

పదో రోజు మధ్యాహ్నం బల్బు వెలిగింది. సురేఖ లోపలికి పోతే కస్తూరమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది. పక్కన అంగడినుంచి తెచ్చిన కొవ్వొత్తుల కట్ట, పాత గిన్నె. గిటారును కూడా ఆమే తెచ్చి చాప మీద పెట్టింది.

"ఇంక మాట్లాడవా?" అంది సురేఖ. తొమ్మిది రోజుల తర్వాత మొదటి మాట అది.

కస్తూరమ్మ పెట్టె వైపు చూపించింది. సురేఖ తగిలించింది.

"ఇంక ఎవరితో ఏం మాట్లాడేది? చెప్పాల్సింది అదొకటే ఉండె," అంది పెట్టె. ఆమె తల ఎత్తబోయి మళ్లీ వంగింది. వీధి చివర దాకా వినపడేట్టు పిలిచే పిలుపు ఒకటుంది తల్లులకు. ఆ పిలుపుతో పిలిచింది. "ప్రదీపూ, అన్నం చల్లారిపోతా ఉండాది, రారా."

తర్వాత దూరంగా జరిగి కూర్చుంది.

సురేఖ కాయిలు విప్పి గిన్నెలో పెట్టి, కరిగిన మైనం మునిగేదాకా పోసింది. చుట్ల మధ్య చిక్కుకున్న గాలి బుడగలై పైకి రావడం మొదలుపెట్టింది. ఒకటి, ఇంకొకటి, ఆపైన వరసగా. ఇద్దరూ గిన్నె మీదికి వంగి చూస్తూ ఉండిపోయారు. చాలాసేపటికి ఒక చిన్న బుడగ వచ్చి పగిలింది. ఆ తర్వాత రాలేదు.

ఆ సాయంత్రమే సురేఖ అన్నకు ఫోను చేసింది.

"ఆ గది ఇంకా ఖాళీగానే ఉండాదా?"

సురేంద్రన్ వెంటనే టీవీ చప్పుడు తగ్గించాడు. "ఉండాది పాపా. ఎప్పుడొస్తావు? నువ్వొక్కదానివే గదా?"

సురేఖ వంటింటి వైపు చూసింది. కస్తూరమ్మ వాకిలి వైపు వీపు పెట్టి బియ్యం ఏరుతోంది. ఫోనులో ఏం మాట్లాడుతోందో ఆమె వింటోందని ఆ వీపు చూస్తేనే తెలుస్తోంది.

"ఇద్దరం," అంది. "అత్తకు మెట్లెక్కడం చేతకాదు. కింద గదిలోనే మంచం వెయ్యి."

గిటారును కేశవ్ తీసుకుపోయాడు. మూడో మెట్టు దగ్గర కొంచెం గరగరమంటోందని, అయినా అలాంటి గొంతు కొన్న గిటార్లకు రాదని చెప్పాడు. ఇంకొకటి చేసివ్వమని అడిగాడు. వేలూరు వచ్చి కనపడమంది సురేఖ.

తర్వాతి నెలలో, ఐప్పసి వాన పడుతున్న రోజు సామాను వ్యానులో పంపి, అత్తా కోడళ్లు వేలూరు బస్సెక్కారు. పాపాతి బస్సు స్టాండు దాకా వచ్చి, పులిహోర పొట్లం చేతిలో పెట్టి, కస్తూరమ్మ గడ్డం పట్టుకుని ఏదో అనబోయి కళ్లు తుడుచుకుంది. కండక్టరు వస్తే సురేఖ రెండు టిక్కెట్లు తీసుకుంది. కిటికీ పక్కన కస్తూరమ్మ. ఊరు దాటాక ఆమె బయటికి మొహం తిప్పుకుంది. అద్దం మీద వాన కారుతోంది.

బస్సు నిండా మాటలు. వెనక సీట్లో చంటిపిల్ల ఏడుస్తోంది, డ్రైవరు పాటలు పెట్టాడు. పక్కనున్న మనిషి ఏడుస్తోందో లేదో చెవికి తెలిసేది కాదు. కొంగు తలమీదికి లాక్కుని ఉంది గనక చూపుకూ తెలియలేదు. సురేఖ కాసేపు ముందుకే చూస్తూ కూర్చుంది. ఆమెకు ఇంకా కోపం పోలేదు. పోతుందో లేదో కూడా తెలియదు.

చెయ్యి చాచి అత్త వీపు మీద పెట్టింది. రవిక కింద ఎముకలు అదురుతున్నాయి, ఆగి ఆగి, గట్టిగా. పల్లికొండ వచ్చి, జనం దిగి, కొత్తవాళ్లు ఎక్కేదాకా ఆ చెయ్యి తీయలేదు.