గంగమ్మపేట గీతల పెట్టె

నేను ఒక భూకంప లేఖినిని. పేరు విని భయపడకండి. నేను భూకంపాలు తెచ్చేదాన్ని కాదు, వచ్చినప్పుడు రాసేదాన్ని. ఈ చిన్న తేడా అర్థం కాని మనుషుల మధ్యే నా బతుకంతా గడిచింది. ప్రస్తుతం ఓడరేవు పట్నంలో ఒక ఆఫీసు సామాన్ల గదిలో, కాళ్లు విరిగిన కుర్చీలకీ తిరగని ఫ్యానుకీ మధ్య పడి ఉన్నాను. తుడిచేవాడు ఎప్పుడో ఒకసారి వస్తాడు, నా మీద టీ గ్లాసు పెట్టుకుంటాడు, బీడీ కాల్చుకుని పోతాడు. వాడంటే నాకు కోపం లేదు. కనీసం వాడు నన్ను చదవడు.

నన్ను ఉత్తరాదిన ఏదో వర్క్‌షాపులో చేశారు. నా ఒళ్లు రెండు ముక్కలు. ఒకటి, నేలలో గుంత తవ్వి రాతికి బిగించే ఇనప డబ్బా. దాని లోపల స్ప్రింగుకి ఒక బరువైన దిమ్మ వేలాడుతుంటుంది. నేల కదిలితే డబ్బా కదులుతుంది, దిమ్మ మాత్రం బద్ధకంగా ఉన్నచోటే ఉండాలని చూస్తుంది. ఆ తేడా తీగ వెంట రెండో ముక్కకి చేరుతుంది. అక్కడ కాగితం చుట్టిన డ్రమ్ము నిదానంగా తిరుగుతుంటే, దాని మీద ఎర్రసిరా కలం గీత గీస్తుంది. ఇంతే నేను. కదిలించింది ఎవరో నాకు తెలుస్తుంది కానీ రాయడం చేతకాదు. కదిలిందని మాత్రమే రాస్తాను. నన్ను చేసిన మహానుభావుడు ఈ ఒక్క ముక్క నా రేకు మీద చెక్కించి ఉంటే ఎంత బాగుండేది!

అండమాన్ దీవుల్లో ఓ మూల గంగమ్మపేట అని ఒక చిన్న కాలనీ. శ్రీకాకుళం తీరం నుంచి ఒక తరం కిందట వలలు మోసుకుంటూ వచ్చిన మత్స్యకారులు అక్కడ ఇళ్లు వేసుకున్నారు. ఒడ్డున నిలబడితే ఎదురుగా సముద్రం మధ్యలో నల్లటి కొండ కనిపిస్తుంది. మ్యాపులో దానికి ఇంకేదో పేరుందట, మావాళ్లు మాత్రం అగ్గికొండ అనేవాళ్లు. అది పొగ వదలడం మొదలెట్టిన ఏడాది పట్నం నుంచి శాస్త్రవేత్తలు దిగారు. రాతి మీద పునాది వేసి నాకో సిమెంటు గది కట్టారు. కొండని చూస్తూ కొన్నాళ్లు హడావిడి పడ్డారు. కొండ చల్లబడగానే వాళ్ల శ్రద్ధా చల్లబడింది. "రోజూ కాగితం మార్చు, సిరా పొయ్యి, గీసిన కాగితం చుట్టలు దాచిపెట్టు, మేం వస్తాం" అని ఊళ్లో ఉన్న ఒకే ఒక్క చదువుకున్నవాడికి నన్ను అప్పగించి పడవెక్కారు. మళ్లీ పత్తా లేరు.

ఆ చదువుకున్నవాడు దండాసి. ఊరి ఆరోగ్య కేంద్రంలో కంపౌండరు. డాక్టరు ఉద్యోగం అక్కడ ఎప్పుడూ ఖాళీయే కాబట్టి డాక్టరూ అతనే. కుర్రతనంలో విశాఖపట్నంలో ఒక పెద్దాసుపత్రిలో గుండె పరీక్ష యంత్రం పక్కన ఏళ్ల తరబడి నిలబడ్డాడు. కాగితం మీద గీత కనబడితే చాలు, మంచం మీద మనిషి సంగతి చెప్పేసేవాడట. చుట్టలు గుట్టగా పడి ఉన్నాయి, అడిగేవాళ్లు లేరు. ఒకనాడు కళ్లజోడు సవరించుకుని నా మీదికి వంగాడు. ఇక చూస్కోండి, నన్నూ చదవడం మొదలెట్టాడు.

"భూదేవి గుండె బావుంది" అని ఊళ్లో ప్రకటించేవాడు. వానాకాలంలో గీత కాస్త లావెక్కితే "ముసురుకి ఆయాసం" అనేవాడు. ఎవరింట్లోనో రోకలి దంచితే నేను గీసే ముళ్లు చూసి "గ్యాసు పట్టింది తల్లికి" అని తల ఊపేవాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. కాలనీవాళ్లు అంతకన్నా ఘనులు. వేటకి వెళ్లొచ్చా, పిల్లకి ఈ సంబంధం ఖాయం చేసుకోవచ్చా అని కూడా వచ్చి అడిగేవాళ్లు. మనుషులకి గీత కనబడితే ఊరుకోలేరు గదా, అది తమ కోసమే పడింది అనుకుంటారు.

ఇదంతా వినోదంగానే గడిచిపోయేది. ఖర్మ కాలి ఒకసారి దండాసి చెప్పింది నిజమైంది. నేను నిజంగానే కొండ కింద నుంచి వచ్చిన నాలుగు పోట్లు రాశాను. "కొండకి జొరం. అటేపు వేటకెల్లకండి" అన్నాడతను. ఆ సాయంత్రమే కొండ బూడిద కక్కింది, ఒడ్డున ఎండబెట్టిన చేపలన్నీ బూడిదకొట్టుకుపోయాయి. అప్పట్నించి అతను మామూలు కంపౌండరు కాదు, నేను మామూలు పెట్టెని కాదు. నా అద్దానికి పసుపూ కుంకుమా పెట్టారు. నా అరుగు మీద కొబ్బరికాయ కొట్టారు. ఆ దెబ్బకి కలం ఎగిరి ముల్లు గీస్తే "సూసినారా, అమ్మ తీసుకున్నాది" అని చేతులెత్తి మొక్కారు. నమ్మకం అలాగే పుడుతుంది కాబోలు.

ఇప్పుడు చెప్పబోయేది చెప్పాలని లేదు. కానీ చెప్పకపోతే ఇంకెవరూ చెప్పరు.

వానలు లేని కాలం. ఎండ ఫెళ్లున కాస్తోంది, ఆకు కదలడం లేదు. అలాంటి పొద్దున నా గీత ఉబ్బడం మొదలైంది. దారంలా ఉండేది తాడంత అయింది. పోట్లు కావు, ముళ్లు కావు. గుండ్రంగా, ఎడతెగకుండా, ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చే ఊపు. ఇది కొండ పని కాదు, సముద్రం పని. ఎక్కడో చాలా దూరాన తుపాను రేగితే దాని అలలు సముద్రం అడుగు నేలని తొక్కుతాయి. ఆ తొక్కిడి రాతి వెంట నా దాకా వస్తుంది. ఏ తీరాన ఏ పెట్టెని పెట్టినా అలాగే రాస్తుంది. రాయడం వరకే నా పని, పేరు పెట్టేది మనుషులు.

దండాసి వచ్చి చూశాడు. కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ చూశాడు. కాలనీలో ఇంజను పడవ ఉన్నది మైలపల్లి కొర్లయ్య ఒక్కడికే. అతన్ని పిలిపించాడు.

"కొర్లయ్యా, ఈ గీత నానెరుగుదును" అన్నాడు. "పెద్దాసుపత్రిలో మంచం పక్కన నిలబడి సూసినాను. గుండి కొట్టుకోడం మానీసి ఊరికే వొణికితే ఇలగే పడతాది. ఇది పడ్డాక ఏ మడిసీ లెగనేదు. కొండ పేలిపోద్ది. పిల్లల్నీ ముసిలోల్లనీ ముందు పక్క దీవికి దాటించీ."

అతను అబద్ధమాడలేదు. ఆ గీత అతను నిజంగా చూశాడు, దాని తర్వాత చావులూ చూశాడు. నేను భూమి గుండెని కానని అతనికి చెప్పేవాళ్లే లేరు.

కొర్లయ్య భార్య రాజులమ్మ కూడా వెంట వచ్చింది. కూతురు పైడితల్లి ఆమె చంకలో ఉంది. ఎత్తుకునే వయసు దాటిన పిల్లే, అయినా దిగేది కాదు. రాజులమ్మ నా కాగితం వైపు చూడనేలేదు, కిటికీలోంచి నీళ్లని చూస్తోంది.

"గాలి లేకండా అలలు ఇంతింత పొడుగ్గా వస్తన్నాయేటి? ఎక్కడో తుపాను లేసుంటది. ఇయ్యాల పడవ దించకు మావా."

"తుపాను బర్మా వైపు ఎల్లిపోతన్నాదని రేడియోలో సెప్పినారు గదే."

"కొండే అడుగు నుంచి నీల్లు తోస్తన్నాది, రాజులమ్మా" అన్నాడు దండాసి. "పెట్టీ అదే అంతన్నాది, సంద్రమూ అదే అంతన్నాది. ఇంకేటి సాచ్చికం కావాల నీకు?"

నిజమే మరి, రెండూ ఒకటే మాట అంటున్నాయి. ఎందుకంటే నన్ను ఊపుతున్నది ఆ సముద్రమే. ఒకే నోరు రెండుసార్లు అన్న మాటని ఇద్దరు సాక్షులు అనుకున్నాడు పాపం.

రాజులమ్మ ఒప్పుకోలేదు. పిల్లని తీసుకుపోయి ఇంట్లో తలుపు గడియ పెట్టుకుంది. పడవ నిండుతోంది. దండాసి తన ముసలితల్లిని తానే ఎత్తుకొచ్చి కూర్చోబెట్టాడు. అందరూ రాజులమ్మ గుమ్మం ముందు చేరి బతిమాలారు, తిట్టారు. కొర్లయ్య తన పిల్ల లేకుండా పడవ కదలదన్నాడు. సముద్రం పోటు తగ్గి నీళ్లు వెనక్కి జారేదాకా ఆమె తలుపు తియ్యలేదు. ఆఖరికి ఎవరో "నీ మూర్ఖానికి మా పిల్లల్ని సంపుతావేటే?" అని అరిచారు. అప్పుడు తలుపు తీసింది. పైడితల్లిని తండ్రి చేతికిచ్చింది. పడవలో ఆమెకి చోటు లేదు, రెండో విడతలో రమ్మన్నారు.

నా కిటికీకి కనిపించేది కాస్త నీళ్లే. మిగిలిందంతా ఏడుపుల్లోంచి విన్నాను. గంగమ్మపేట ఒడ్డుకి ఎదురుగా పగడపు రాళ్లు గోడ కట్టినట్టుంటాయి, బయటికి పోవడానికి మధ్యలో ఒక్కటే సందు. పడవ సరిగ్గా ఆ సందులో ఉండగా ఒక పొడుగాటి అల లేచి రాళ్ల మీద విరిగింది. నీలాకాశం కింద, గాలి లేని పట్టపగలు, పడవ బోర్లా పడింది. ఈత వచ్చినవాళ్లు పిల్లల్ని దొరికినంత వరకు ఒడ్డుకి లాగారు. కొర్లయ్య నెత్తురు కారుతూ మళ్లీ మళ్లీ మునిగి వెతికాడు. పైడితల్లి దొరకలేదు. దండాసి తల్లి మర్నాడు దొరికింది.

ఇక రెండో విడత అన్న మాట ఎవరూ ఎత్తలేదు. కొండ ఏమీ చెయ్యలేదు. ఎప్పట్లాగే సన్నగా పొగ వదులుతూ కూర్చుంది. దూరపు తుపాను ఎటో పోయి చచ్చింది, నా గీత తాడు నుంచి దారమైంది. దండాసి చూసి "గండం గడిచినాది" అన్నాడు. జనం వచ్చి నా అరుగు మీద కాయలు కొట్టారు. కొండ తీసుకోవలసింది తీసుకుని శాంతించింది అనుకున్నారు. అలా అనుకుంటే కానీ అన్నం దిగదు గాబోలు.

చావుకి కారణం దొరికాక దోషి కూడా దొరకాలి. పోటు మీద వెళ్లుంటే రాళ్ల మీద నీళ్లు నిండుగా ఉండేవి, పడవ దాటిపోయేది, రాజులమ్మ ఆలస్యం చేసింది. ఊరంతా ఇదే మాట. పోటు మీదైనా ఆ రోజు ఆ సందు దారి కాదు, అసలు వెళ్లవలసిన అవసరమే లేదు. అది ఎవరికి పట్టింది? కొర్లయ్య భార్య చేతి అన్నం తినడం మానేశాడు. చెల్లెలింట్లో తిని, అరుగు మీద పడుకునేవాడు. ఆమెతో మాట లేదు.

రాజులమ్మ మాత్రం రోజూ నా గది దగ్గరికి వచ్చేది. మొక్కేది కాదు. "కొండేటీ సెయ్యనేదు గదా బావూ?" అని దండాసిని అడిగేది. అతను నా డ్రమ్ము మీదికి వంగి కాగితం మార్చుకునేవాడు. "పట్నం నుంచి ఆఫీసరు వస్తాడు గదా. ఆయన్ని అడుగు. కొండో సంద్రమో ఆయన సెప్తాడు. ఆ ఒక్క మాట నా పెనిమిటి సెవిలో పడితే సాలు" అనేది. ఆ మాట కోసమే ఆమె బతుకుతోందని నాకు అర్థమైంది. నా దగ్గరున్న చుట్టల్లో ఆ మాట ఉంది, అక్షరం పొల్లుపోకుండా ఉంది. చదివేవాడే రావాలి.

వచ్చాడు. నన్ను ఎత్తుకుపోవడానికి వచ్చాడు, ఇక్కడి పరిశీలన కేంద్రం మూసేస్తున్నారట. సన్నగా, మర్యాదగా ఉన్న యువకుడు, వెంట ఒక సహాయకుడు. దండాసి ఆ రోజు కాగితం తీసి బల్ల మీద పరిచాడు. బయట అరుగు మీద రాజులమ్మ కూర్చుంది. కొర్లయ్య కూడా వచ్చాడు, దూరంగా నిలబడ్డాడు.

ఆఫీసరు అర నిమిషం చూశాడు. "ఇదా? ఇది సముద్రం అలజడి" అన్నాడు హిందీలో, బయటికి వినపడనంత మెల్లగా. "తుపాను దూరంలో ఉన్నా ఇలాగే వస్తుంది. కొండ నుంచి ఏమీ లేదు. నిజానికి ఇలాంటి గీత కనిపిస్తే పడవలు నీళ్లలోకి దించకూడదు." ఊళ్లో ఎవరో మునిగారని విన్నట్టున్నాడు, కానీ అది వేరే శాఖ. గుంతలో నా ఇనప డబ్బా చూడటానికి సహాయకుడితో కలిసి వెనక్కి వెళ్లాడు.

దండాసి బల్ల పట్టుకుని నిలబడ్డాడు. తల్లిని తానే ఎత్తుకెళ్లి పడవలో కూర్చోబెట్టిన కొడుకు. కాసేపటికి బయటికి నడిచాడు.

"ఏటన్నారు బావూ?" అంది రాజులమ్మ, లేచి నిలబడి.

కొర్లయ్య తల ఇటు తిప్పాడు.

"కొండేనంట" అన్నాడు దండాసి.

అబద్ధం! అబద్ధం! అని నా ఇనుమంతా కేక పెట్టింది. కానీ నాకున్నదల్లా ఒక కలం, అది ఏ అక్షరమూ రాయలేదు. ఆ మనిషి మీద జాలి కలిగింది, అంతకు మించి అసహ్యం కలిగింది.

"మరి పేలనేదు గదా?"

"లోపలే అణిగిపోనాదట. అలగ కూడా అవుతాదట."

కొర్లయ్య తువ్వాలు భుజాన వేసుకుని చెల్లెలింటి వైపు నడిచి వెళ్లిపోయాడు. రాజులమ్మ అతను కనుమరుగయ్యేదాకా చూసింది.

"అయితే నానే సంపుకున్నాను నా గుంటని, నా పైడితల్లిని" అంది.

నా గది గోడకి ఒరిగి కూలబడింది. నుదురు గోడకేసి కొట్టుకోవడం మొదలెట్టింది. గది పునాది రాతి మీదిది కదా, ప్రతి దెబ్బా నా దాకా వచ్చింది. కలం ఒక్కటీ వదలకుండా రాసింది. వెనక నుంచి తిరిగొచ్చిన సహాయకుడు డ్రమ్ము చూసి "చివర్లో ఏవో చిన్నచిన్న ముళ్లు పడ్డాయి సార్, ఉంచాలా?" అని అడిగాడు.

"మనుషుల అలికిడి. పనికిరాదు, చింపెయ్" అన్నాడు ఆఫీసరు.

సహాయకుడు ఆ ముక్క చింపి ఉండచుట్టి కిటికీలోంచి పారేశాడు. నా కలానికి మూత పెట్టి, నన్ను గోనెలో కట్టాడు. మిగతా కాగితాలు శుభ్రంగా చుట్టి సంచిలో పెట్టుకున్నారు.